జీ-3, జీ-4 గాజు క్రూసిబుళ్లు: తయారీ, వాడకం, మూసుకుపోతే తెరిచే పద్ధతి

గుంటూరులో కారంపొడి, పశువుల దాణా పరీక్షించే ల్యాబ్ కానివ్వండి, విజయవాడలో ఫార్మసీ కాలేజీ ల్యాబ్ కానివ్వండి, గాజుసామాను బీరువా కింది అరలో ఒక అట్టపెట్టె ఉంటుంది. దాన్నిండా నీళ్లు దిగని సింటర్డ్ క్రూసిబుళ్లు, అంటే అడుగున సందులున్న గాజు డిస్కుతో ద్రవాన్ని వడగట్టే చిన్న గాజు గిన్నెలు. ఒకదాని డిస్కు ఎర్రబారి ఉంటుంది, ఇంకోటి ఊదారంగుకి తిరిగి ఉంటుంది, మరొకటి చూడ్డానికి తెల్లగానే ఉన్నా చుక్క కూడా కారదు. వీటిలో చాలావరకు బాగుపడేవే. లోపల ఏం ఇరుక్కుందో ఎవరూ కనుక్కోకపోవడం వల్ల ఆ పెట్టెలో పడ్డాయి. డిస్కు సందు ఎంత, వడగట్టే రేణువు ఎంత, లోపలికి దిగింది దేనిలో కరుగుతుంది అన్న మూడు సంగతులు తెలిస్తే ఒక క్రూసిబుల్‌ని ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. అవి తెలియాలంటే ముందు ఆ డిస్కు ఎలా పుడుతుందో చూడాలి.

డిస్కు ఎలా తయారవుతుంది

సింటర్డ్ డిస్కుని జల్లెడ అనుకోకండి, దానికి పొడిచిన కన్నాలు ఉండవు. మరమరాల ఉండని తలుచుకోండి. మరమరాలు ఒకదానికొకటి తగిలినచోట మాత్రమే అంటుకుంటాయి, మధ్యలో సందులు అలాగే ఉంటాయి. ఇక్కడ పాకం ఉండదు, గాజు రేణువే వేడికి మెత్తబడి పక్కదాన్ని పట్టుకుంటుంది. సందులు వంకరటింకరగా ఉంటాయి కాబట్టి లోపలికి దిగిన రేణువు దారి మధ్యలో ఇరుక్కుంటుంది. కడగడం కష్టమయ్యేది ఇందుకే.

వాడే గాజు బోరోసిలికేట్ 3.3 రకం, అంటే ల్యాబ్ సామానుకి వాడే వేడి తట్టుకునే గాజు. పగిలిన బీకర్లు, ఫ్లాస్కులు సరిపోతాయి గానీ మామూలు సీసా గాజు ముక్క ఒక్కటి కూడా కలవకూడదు. సీసా గాజు వ్యాకోచం దీనికి రెండున్నర రెట్లకు పైనే, చల్లారేటప్పుడు డిస్కు ఆ ముక్క దగ్గరే చిట్లుతుంది.

ముక్కల్ని మఫుల్ ఫర్నేస్‌లో (ల్యాబ్ కరెంటు కొలిమిలో) 500 డిగ్రీల దాకా కాచి చన్నీళ్లలో ముంచితే లోపలంతా బీటలు వారి తేలిగ్గా నలుగుతాయి. కళ్లద్దాలు, మాస్కు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. ముతకగా దంచాక పింగాణీ బాల్ మిల్లులో ఆడించి జల్లించండి. సందు పరిమాణం మోటుగా రేణువులో మూడో వంతు నుంచి నాలుగో వంతు ఉంటుంది. జీ-1, జీ-3 అనేవి సందు ఎంతో చెప్పే నంబర్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. జీ-3 డిస్కుకి 150 మైక్రాన్ల జల్లెడ దిగి 75 మైక్రాన్ల జల్లెడ మీద నిలిచిన పొడితో మొదలుపెట్టండి. జీ-1కి 300 నుంచి 600 మైక్రాన్ల పొడి కావాలి.

అందరూ తొందరపడేది తర్వాతి పనిలో. జల్లెడ మీద నిలిచిన పొడికి కూడా సన్నటి గాజు దుమ్ము అంటుకునే ఉంటుంది. ఫర్నేస్‌లో ముందు కరిగేది ఆ దుమ్మే, కరిగి సందుల్ని పూడ్చేస్తుంది. పొడిని 10 సెం.మీ. లోతు నీళ్లలో కలియబెట్టి, 3 నిమిషాలు ఆగి, పైనున్న మసక నీటిని వంపేయండి. ఆ వ్యవధిలో 25-30 మైక్రాన్ల కన్నా సన్నటివి చాలావరకు అడుగుకి చేరలేవు, నీళ్లతో పోతాయి. పై నీరు తేటగా వచ్చేదాకా, అంటే అయిదారు సార్లు, ఇలాగే చేయండి. తర్వాత అయస్కాంతం తిప్పి ఇనుప రజను తీసేసి, సగానికి సగం నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో గోరువెచ్చగా రెండు గంటలు నానబెట్టండి. కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబడకుండా ఉండేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. ఇనుము మిగిలితే డిస్కు పచ్చగా వస్తుంది, ఆమ్లం పోసినప్పుడల్లా కొంచెం కొంచెం వదులుతూనే ఉంటుంది.

అచ్చుకి స్టెయిన్‌లెస్ స్టీలు రింగు, పలక చాలు. ఆటోనగర్‌లో లేతు ఉన్న ఏ వర్క్‌షాపులోనైనా తిప్పించుకోవచ్చు. వేడి గాజు లోహానికి అతుక్కుంటుంది కాబట్టి లోపలంతా కేయోలిన్ లేదా అల్యూమినా పొడిని నీళ్లలో కలిపి పూత పూసి ఆరనివ్వండి. పొడి పోసి, రెండు మూడుసార్లు మెల్లగా తట్టి, స్టీలు స్కేలుతో సమం చేయండి. అదిమి నొక్కొద్దు. ఎక్కువగా తట్టినా సన్నటి రేణువులు కిందికి జారి, డిస్కు ఒకవైపు బిగుతుగా, ఒకవైపు వదులుగా తయారవుతుంది.

ఈ గాజు మెత్తబడే ఉష్ణోగ్రత 825 డిగ్రీలు. సింటరింగ్, అంటే రేణువులు కరగకుండా ఒకదానికొకటి అంటుకునేలా కాల్చడం, 750 నుంచి 850 మధ్య నడుస్తుంది, పొడి ఎంత సన్నమైతే అంత తక్కువ వేడి చాలు. కచ్చితమైన అంకె ఏ పుస్తకంలోనూ దొరకదు, ఎందుకంటే ఒక్కో ఫర్నేస్‌లో వేడి కొలిచే థర్మోకపుల్ ఒక్కో మాట చెబుతుంది. 10 డిగ్రీల తేడాతో చిన్న బిళ్లలు నాలుగైదు కాల్చి చూడండి. గోటితో గీస్తే రేణువులు రాలితే వేడి చాలలేదు. పైన మెరుపు వచ్చి నీటిచుక్క ఇంకకుండా నిలబడితే ఎక్కువైంది. గంటల తరబడి అదే వేడిలో వదిలేస్తే గాజులో క్రిస్టోబలైట్ స్ఫటికాలు పుడతాయి, డిస్కు సున్నంలా తెల్లబడి చల్లారేటప్పుడు పగులుతుంది. కాబట్టి పావుగంట, అరగంట పరిధిలోనే చూసుకోండి. దించేటప్పుడు 560 డిగ్రీల దగ్గర అరగంట నిలిపి, 450 దాకా నిమిషానికి 2 డిగ్రీల చొప్పున తగ్గించి, అప్పుడు ఫర్నేస్ ఆపేసి తలుపు మూసే ఉంచండి.

డిస్కు చేయడం వరకు ఎవరైనా నేర్చుకోవచ్చు. దాన్ని గాజు గొట్టంలో అతికించడం మాత్రం గ్లాస్ బ్లోయర్ పని. గొట్టాన్ని లేతు మీద తిప్పుతూ, మంట డిస్కుకి తగలకుండా, బయటి గోడ మెత్తబడి డిస్కు అంచుని పట్టుకునేలా చేయాలి. మంట కొంచెం లోపలికి పోయినా అంచు సందులు కరిగి మూసుకుపోతాయి, తక్కువైతే అంచు పక్కనుంచి వడగట్టని ద్రవం కారుతుంది. అతికించాక మళ్లీ 560 డిగ్రీల దగ్గర అనీలింగ్ చేయాలి, అంటే కొంతసేపు నిలిపి మెల్లగా చల్లార్చాలి. రోజూ వాడే క్రూసిబుల్ కొనుక్కోవడమే మేలు. సొంత డిస్కులు గ్యాసు బుడగలు పుట్టించడానికి, క్రోమటోగ్రఫీ కాలమ్ (పదార్థాల్ని విడదీసే గాజు గొట్టం) అడుగున సిలికా జెల్ నిలబెట్టడానికి పనికొస్తాయి.

సందు ఎంతో కొలవడం

క్రూసిబుల్ మీద ఉన్న నంబరు నిజమో కాదో పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. డిస్కుని ఆబ్సల్యూట్ (నీళ్లు కలవని) ఆల్కహాల్‌లో బాగా నాననిచ్చి, పైన పలుచగా మూడు మి.మీ. ఆల్కహాల్ ఉంచండి. కింది నుంచి రబ్బరు బల్బుతో మెల్లగా గాలి పంపుతూ, పక్కన నీళ్లు పోసిన యు-ట్యూబ్ మానోమీటర్ (గాలి ఒత్తిడి కొలిచే గొట్టం) చూడండి. మొదటి బుడగ లేచినప్పుడు రెండు వైపుల నీటి మట్టాల తేడా ఎన్ని సెంటీమీటర్లో దానితో 900ని భాగిస్తే, అన్నిటికన్నా పెద్ద సందు సుమారుగా ఎన్ని మైక్రాన్లో వస్తుంది. 60 సెం.మీ. అయితే 15 మైక్రాన్లు, 22 అయితే 40, 10 అయితే 90. బుడగలు ఒక్కచోటే, అదీ అంచున, ముందే లేస్తున్నాయంటే అతుకులో బీట ఉంది.

మన దగ్గర దొరికే సామాను మీద పాత లెక్కే ఎక్కువ కనిపిస్తుంది: జీ-1 అంటే 90-150 మైక్రాన్లు, జీ-2 అంటే 40-90, జీ-3 అంటే 15-40, జీ-4 అంటే 5-15. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4793 ప్రకారం వచ్చేవాటి మీద పి-40, పి-16 అని ఉంటుంది. అక్కడ అంకె అంటేనే పెద్ద సందు మైక్రాన్లలో. పి-40 మన జీ-3కి, పి-16 జీ-4కి దగ్గర. రెండు పద్ధతుల్లో అంకె పెరిగే దిక్కు వేరు, ఇండెంట్ (సామాను ఆర్డరు) రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఎంపికకి ఒకటే సూత్రం: రేణువు డిస్కు పైనే ఆగాలి. నికెల్‌ని తూచడానికి తెచ్చే ఎర్రటి అవక్షేపం నికెల్ డైమిథైల్ గ్లయాక్సిమేట్‌కి జీ-3 చాలు. సిల్వర్ క్లోరైడ్‌కి జీ-4 తీసుకోండి. పీచు పరీక్షకి జీ-1, జీ-2. అనుమానం వస్తే సన్న నంబరుకి పోవడం అందరికీ అలవాటు, కానీ జీ-4లో జిగురు ద్రవం పోస్తే సాయంత్రం దాకా కూర్చోవాలి. బేరియం సల్ఫేట్‌ని మాత్రం గాజు క్రూసిబుల్ దగ్గరికి తేకండి. అది సన్నం, పైగా 800 డిగ్రీల దగ్గర కాల్చాలి. వాట్‌మన్ 42 వడపోత కాగితం, పింగాణీ క్రూసిబుల్ దాని దారి.

వాక్యూమ్ సంగతి

ద్రవం తొందరగా దిగడానికి క్రూసిబుల్ కింది నుంచి పంపుతో గాలి లాగుతారు, వాక్యూమ్ అంటే అదే. ఎండాకాలంలో "పంపు లాగట్లేదు" అన్న మాట చాలాసార్లు వాటర్ జెట్ పంపు (కొళాయి నీటి ధారతో గాలి లాగేది) గురించే. రెండు కారణాలు. ఆ పంపుకి మంచి ఒత్తిడితో నీళ్లు కావాలి, డాబా మీది ట్యాంకు 10 మీటర్ల ఎత్తులో ఉన్నా వచ్చేది ఒక బార్ ఒత్తిడే. రెండోది, మే నెలలో ట్యాంకులో నీళ్లు 40 డిగ్రీలకు చేరితే ఆ నీటి ఆవిరి పీడనమే 55 మి.మీ. పాదరసం. పంపు ఎంత మంచిదైనా అంతకన్నా కిందికి లాగలేదు. ట్యాంకు నీళ్లు చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే పని పెట్టుకోండి, లేదా డయాఫ్రమ్ పంపు వాడండి. ఫిల్టర్ ఫ్లాస్కుకీ పంపుకీ మధ్య ఒక ఖాళీ ఫ్లాస్కు తప్పనిసరి. కరెంటు పోయినా, కొళాయి ఒత్తిడి పడిపోయినా వెనక్కి వచ్చే నీళ్లు అందులో ఆగుతాయి. ఆపేటప్పుడు ముందు ట్యూబు ఊడదీసి గాలి లోపలికి వదలండి, తర్వాతే పంపు కట్టేయండి.

బరువు తీసే పని: నికెల్ ఉదాహరణ

ద్రావణంలో ఉన్న నికెల్‌ని అవక్షేపంగా మార్చి, వడగట్టి, దాని బరువుని బట్టి నికెల్ ఎంతో లెక్కకట్టే పని ఇది. ముందురోజే క్రూసిబుల్ సిద్ధం చేసుకోండి. గోరువెచ్చని పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒకసారి, డిస్టిల్డ్ వాటర్ మూడుసార్లు లాగించి, 110-120 డిగ్రీల ఓవెన్‌లో గంట ఉంచి, డెసికేటర్‌లో (తేమ తగలని మూత పాత్రలో) 40 నిమిషాలు చల్లార్చి తూచండి. మళ్లీ అరగంట కాచి తూచండి. రెండు బరువుల తేడా 0.3 మి.గ్రా. లోపు వచ్చేదాకా కొనసాగించండి. వేలితో ముట్టకండి, టాంగ్స్ వాడండి. నంబరుని గరుకు చేసిన చోట పెన్సిల్‌తో రాయాలి. స్టిక్కరు అంటిస్తే ఓవెన్‌లో మాడి బరువు మారుతుంది.

ద్రావణంలో నికెల్ 25 మి.గ్రా. దగ్గర ఉండేలా తీసుకోండి. ఈ అవక్షేపం దూదిలా పొంగుతుంది, 50 మి.గ్రా. దాటితే క్రూసిబుల్ గోడ పైకి పాకుతుంది. సగానికి సగం నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం 5 మి.లీ. వేసి, 200 మి.లీ. చేసి, 70-80 డిగ్రీలకు కాచి, ఆల్కహాల్‌లో ఒక శాతం డైమిథైల్ గ్లయాక్సిమ్ 12 మి.లీ. పోయండి. లెక్క ప్రకారం ఈ గ్లయాక్సిమ్ రీయేజెంటు 1 మి.లీ. సుమారు 2.5 మి.గ్రా. నికెల్‌ని పట్టుకుంటుంది, పైన రెండు మి.లీ. అదనం. ఇంకా ఎక్కువ పోస్తే రెండు రకాల నష్టం: ఆల్కహాల్ ఎక్కువై అవక్షేపం కొంత కరుగుతుంది, చల్లారాక రీయేజెంటే తెల్లటి సూదుల్లా తేలి బరువు పెంచుతుంది. వెంటనే పలుచటి అమ్మోనియా చుక్క చుక్కగా, వాసన సన్నగా నిలిచేదాకా వేయండి. వాటర్ బాత్ మీద అరగంట, తర్వాత చల్లబడటానికి గంట.

పైనున్న తేట ద్రవాన్ని ముందు వడకట్టండి, అవక్షేపాన్ని చివర్లో దించండి. మొదటి నిమిషం వాక్యూమ్ సన్నగానే ఉండాలి. ఒక్కసారిగా లాగితే మెత్తటి అవక్షేపం డిస్కులోకి దూరి బిగుసుకుంటుంది, ఆ తర్వాత ఎంత లాగినా దిగదు. మధ్యలో పొరని పూర్తిగా ఎండనివ్వకండి, బీటలు వారితే కడిగే నీళ్లు బీటల్లోంచి జారిపోతాయి గానీ అవక్షేపాన్ని కడగవు. చన్నీళ్లతో క్లోరైడ్ పోయేదాకా కడిగి, 110-120 దగ్గర 50 నిమిషాలు ఆరబెట్టి తూచండి. వచ్చిన బరువుని 0.2032తో గుణిస్తే నికెల్. 25 మి.గ్రా.కి 123 మి.గ్రా. ఎర్రటి అవక్షేపం రావాలి.

వానాకాలంలో కృష్ణా తీరాన గాలి తేమకి ఈ డిస్కు దూదిలా స్పందిస్తుంది. లోపలి ఉపరితలం చాలా ఎక్కువ కాబట్టి బ్యాలెన్స్ మీద అంకె మీ కళ్లముందే ఎగబాకుతుంది. డెసికేటర్‌లో తేమ పీల్చే సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగితే ముందు దాన్ని కాచండి, క్రూసిబుళ్లని ఒక్కొక్కటిగా తీసి తూచండి.

సిల్వర్ క్లోరైడ్ విషయంలో ఒక్క మాట: ఉత్త నీళ్లతో కడిగితే అవక్షేపం విడిపోయి పాలలా జీ-4లోంచి కూడా కారిపోతుంది. నత్రికామ్లం 0.01 మోలార్‌తో కడగండి, వెలుతురు తగలనివ్వకండి, 130-150 దగ్గర ఆరబెట్టండి.

కారంపొడి పీచు

ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రత సంస్థ) ప్రమాణం ప్రకారం కారంపొడిలో ముడి పీచు 30 శాతం మించకూడదు, అందుకే గుంటూరు ల్యాబ్‌లలో ఈ పరీక్ష తరచూ జరుగుతుంది. క్రూసిబుళ్లు ఎక్కువగా పోయేదీ ఇక్కడే. నూనె తీయకుండా ఉడికిస్తే మిరప నూనె, రంగు డిస్కులో చేరి సోడా దశలో సబ్బులా మారి మూసేస్తాయి. ముందు పెట్రోలియం ఈథర్‌తో నూనె పూర్తిగా తీయండి. 1.25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం, తర్వాత 1.25 శాతం సోడియం హైడ్రాక్సైడ్, ఒక్కోదానిలో కచ్చితంగా అరగంట మరగనిచ్చి, వేడి మీదే వడకట్టండి. మరిగే సోడా గాజుని తింటుంది కాబట్టి డిస్కులో నిలవనివ్వకండి, వెంటనే వేడినీళ్లతో కడగండి.

వడకట్టిన పీచుని క్రూసిబుల్‌తో సహా బూడిద చేసేటప్పుడు 525 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఈ గాజుకి అది హద్దు దగ్గరి వేడి. చల్లని ఫర్నేస్‌లో పెట్టి నిమిషానికి 8 డిగ్రీలు మించకుండా పెంచండి. తడి డిస్కు అయితే ముందు 80 డిగ్రీల దగ్గర గంట ఆరాలి, లేకపోతే లోపలి నీరు ఆవిరై డిస్కుని పగలగొడుతుంది. దించేటప్పుడు 250 కిందికి వచ్చేదాకా తలుపు తీయకండి. ఇలా వాడిన క్రూసిబుల్ బరువు ప్రతిసారీ కొంత తగ్గుతుంది, పాత బరువు మీద ఆధారపడకుండా కొత్తగా తూచండి. ఈ క్రూసిబుళ్లని నికెల్ పనికి వాడొద్దు.

మూసుకుపోతే

కొత్త క్రూసిబుల్ రాగానే ఒక పని చేసి పెట్టుకోండి: 25 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ వాక్యూమ్ లేకుండా దిగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో రిజిస్టర్‌లో రాయండి. ఆ సమయం రెట్టింపైతే కడిగే వేళ అయింది. పూర్తిగా ఆగేదాకా చూడకండి. అవక్షేపం ఎండకముందే కడగడం సగం పని. తిరగేసి వాష్ బాటిల్‌తో కింది నుంచి నీళ్లు కొట్టి పైపొర తీసేయండి. స్పాట్యులాతో గీకితే రేణువులు రాలి సందు పెద్దదవుతుంది. కొళాయికి నేరుగా ట్యూబు తగిలించి తోస్తే డిస్కు అతుకు వదులుతుంది.

ఆ తర్వాత లోపలున్నదాన్ని బట్టి ద్రావణి. నికెల్ గ్లయాక్సిమేట్‌కి వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సిల్వర్ క్లోరైడ్‌కి అమ్మోనియా లేదా హైపో (సోడియం థయోసల్ఫేట్). అమ్మోనియా వాడితే ఆ ద్రావణాన్ని నిలవ ఉంచకండి, పేలే పదార్థం ఏర్పడుతుంది, వెంటనే పలుచటి నత్రికామ్లం కలిపి ఆమ్లంగా మార్చండి. ఇనుము, రాగి ఆక్సైడ్ మరకలకి కూడా వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. పర్మాంగనేట్ మిగిల్చిన గోధుమ మరక ఆక్సాలిక్ ఆమ్లంతో పోతుంది. బోరు నీళ్లతో కడిగే అలవాటు ఉన్నచోట పేరుకునే సున్నానికి పలుచటి హైడ్రోక్లోరిక్ చాలు. చూడ్డానికి తెల్లగా ఉండి నీళ్లు దిగనివాటిలో ముందు దీన్నే ప్రయత్నించండి. మిరప ఎరుపుకి అసిటోన్, ఆ తర్వాత హెక్సేన్. ఎవరో పొరపాటున బేరియం సల్ఫేట్ వడకట్టి ఉంటే 100 డిగ్రీల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం.

ఏం ఇరుక్కుందో తెలియని సేంద్రియ మురికికి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో చిటికెడు పొటాషియం నైట్రేట్ వేసి, ఫ్యూమ్ హుడ్‌లో గోరువెచ్చగా రాత్రంతా ఉంచండి. అంతకుముందు అసిటోన్, ఆల్కహాల్ వాడి ఉంటే నీళ్లతో పూర్తిగా కడిగాకే ఈ ఆమ్లం పోయాలి. ఇందులో పుట్టే నత్రికామ్లం, అసిటోన్ కలిస్తే పేలుడే. క్రోమిక్ ఆమ్లం పాత అలవాటు, మానేయండి. క్రోమియం గాజుని పట్టుకుని వదలదు, విషం కూడా. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, వేడి ఫాస్ఫారిక్ ఆమ్లం, వేడి గాఢ క్షారం గాజునే కరిగిస్తాయి కాబట్టి అవి ఈ డిస్కు దాకా రాకూడదు. యాక్టివేటెడ్ చార్‌కోల్‌ని నేరుగా పోస్తే దాన్ని కరిగించే ద్రావణి ఏదీ లేదు. ముందు డిస్కు మీద సెలైట్ (వడపోతకి వాడే మెత్తటి మట్టి పొడి) పొర పరిచి అప్పుడు పోయండి.

హెచ్‌పీఎల్‌సీ (మందుల్లాంటివాటిలోని పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం) మొబైల్ ఫేజ్, అంటే అందులో పారే ద్రవం, వడకట్టే సెట్‌లో 47 మి.మీ. మెంబ్రేన్ కింద ఉండేదీ ఇలాంటి డిస్కే. ఫాస్ఫేట్ బఫర్ తర్వాత నేరుగా అసిటోనైట్రైల్ పోస్తే ఉప్పు సందుల్లోనే గడ్డకడుతుంది. ముందు నీళ్లు, తర్వాతే ద్రావణి.

ఇన్ని చేశాక కూడా వడకట్టిన ద్రవం మసగ్గా వస్తుంటే, మొదట సందు కొలిచిన నాటి కన్నా తక్కువ ఒత్తిడికే బుడగ లేస్తుంటే, ఆ క్రూసిబుల్ అంచున బీట ఉంది. మళ్లీ మంటలో పెట్టి అతికించబోతే సందులు కరుగుతాయి, అది బాగుపడదు. పారేసేముందు రిజిస్టర్‌లో దాని నంబరు కొట్టేయండి, అదే నంబరు కొత్తదానికి ఇవ్వకండి. పాత ఖాళీ బరువుని కొత్త క్రూసిబుల్‌కి వేసి లెక్కకట్టే పొరపాటు అలాగే మొదలవుతుంది.